పాత మెయిల్ సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మెయిల్‌బాక్సులను ఐమ్యాప్‌సింక్‌తో మార్చుకోవడం ఎలా?

హోస్టింగ్ గడువు ముగుస్తోందనో, పాత సర్వర్‌లో జాగా చాలడం లేదనో ఆఫీసు మెయిల్‌ను వేరే సర్వర్‌కు మార్చవలసి వచ్చినవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: పదేళ్ల పాత మెయిళ్లు ఫోల్డర్లతో సహా కొత్త చోట కనిపించాలి, మారే రోజున వచ్చే మెయిల్ ఒక్కటీ పోకూడదు, ఆఫీసు పని ఆగకూడదు, ఇది ఎలా కుదురుతుంది? కుదురుతుంది. అయితే చాలామంది దీన్ని ఒక ఆదివారం కూర్చుని ఒక్కసారిగా ముగించే పని అనుకుంటారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. ఒకే కాపీని మూడుసార్లు నడపాలి: డొమైన్‌ను కొత్త సర్వర్ వైపు తిప్పడానికి కొన్ని రోజుల ముందు ఒకసారి, తిప్పిన కాసేపటికి ఒకసారి, రెండు రోజుల తరువాత ఆఖరుసారి. మొదటిసారి గంటలు పడుతుంది. తక్కిన రెండుసార్లు తేడా మాత్రమే వెళుతుంది కనుక పని త్వరగా అయిపోతుంది.

ఇక్కడ వాడే సాధనం ఐమ్యాప్‌సింక్. ఫ్రాన్స్‌కు చెందిన జిల్ లామిరాల్ 2001 నుంచి పెర్ల్ భాషలో రాస్తూ, సరిదిద్దుతూ వస్తున్న ప్రోగ్రాం ఇది. ఇది మీ ఫోనులోని మెయిల్ యాప్ లాగానే ఐమ్యాప్ (మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి చదువుకునే పద్ధతి) ద్వారా రెండు సర్వర్లలోకీ లాగిన్ అయి, మొదటి చోట ఉండి రెండో చోట లేని మెయిళ్లను కాపీ చేస్తుంది. అందువల్ల సర్వర్ల మీద అడ్మిన్ అధికారం లేకపోయినా పని జరుగుతుంది. ఒక మెయిల్ ఇప్పటికే అవతల ఉందా లేదా అన్నది దాని తలభాగంలో ఉండే మెసేజ్ ఐడీ, రిసీవ్డ్ అనే వరుసలను (హెడర్లను) చూసి తేల్చుకుంటుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయి ఆగిపోయినా అదే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే ఒకే మెయిల్ రెండుసార్లు చేరదు.

ఈ వ్యాసంలో ఆదేశానికి చేర్చే ఆప్షన్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా, ముందు రెండు హైఫన్లతో రాయాలి. ఆప్షన్ పేరు చివర 1 అంటే పాత సర్వర్, 2 అంటే కొత్త సర్వర్. ఈ రెండు అంకెలూ తారుమారైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కావలసినవి

రెండు సర్వర్ల ఐమ్యాప్ చిరునామాలు, పోర్టు నంబర్లు ముందుగా రాసుకోండి. ఎన్‌క్రిప్షన్‌తో అయితే పోర్టు సాధారణంగా 993, లేకపోతే 143. పాత సర్వర్ చిరునామా విషయంలో ఒక జాగ్రత్త ఉంది: మీ సొంత డొమైన్ ముందు ‘మెయిల్’ అని చేర్చిన పేరును వాడకండి. రేపు డీఎన్ఎస్ (ఏ పేరు ఏ సర్వర్‌ను చూపాలో చెప్పే వ్యవస్థ) మార్చినప్పుడు ఆ పేరు కొత్త సర్వర్‌ను చూపించడం మొదలుపెడుతుంది. అప్పుడు మీ ఆదేశం కొత్త సర్వర్‌ను దానితోనే సరిపోల్చి, అంతా సమానంగా ఉందని హాయిగా చెబుతుంది. హోస్టింగ్ కంపెనీ ఆ యంత్రానికి ఇచ్చిన అసలు పేరు గానీ, ఐపీ చిరునామా గానీ వాడాలి.

ప్రతి మెయిల్‌బాక్సుకూ రెండు చోట్లా పాస్‌వర్డ్ కావాలి. జీమెయిల్‌కు మీ మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ 365 మెయిల్‌బాక్సుల సంగతి ఇంకా కష్టం: 2022 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ మామూలు పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపివేస్తూ వచ్చింది కాబట్టి అక్కడ పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే ఓఆత్ టోకెన్ తప్పదు.

కొత్త సర్వర్‌లో పాత వాడకం కంటే కనీసం పావు వంతు ఎక్కువ కోటా (మెయిల్‌బాక్సుకు కేటాయించే జాగా) ఉండేలా చూసుకోండి. ఐమ్యాప్‌సింక్ విండోస్‌కు జిప్ ఫైలుగా, లినక్స్‌కు పెర్ల్ స్క్రిప్టుగా, కావలసినవన్నీ ఒకే మూటలో ఉండే డాకర్ ఇమేజ్‌గా దొరుకుతుంది. పెర్ల్ మాడ్యూళ్లతో కుస్తీ పట్టే ఓపిక లేనివారికి డాకర్ ఇమేజ్ మేలు.

దీన్ని ఏ కంప్యూటర్‌లో నడపాలన్నది కూడా ముందే ఆలోచించండి. మెయిళ్లన్నీ పాత సర్వర్ నుంచి ఆ కంప్యూటర్‌కు దిగి, అక్కడి నుంచి కొత్త సర్వర్‌కు ఎక్కుతాయి. ఆఫీసు ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు అయితే 40 జీబీ ఎక్కడానికి ఏ ఆటంకమూ లేకపోయినా 9 గంటలు పడుతుంది, ఆ సేపు మిగతావారి పని నత్తనడక నడుస్తుంది. నెల రోజులకు అద్దెకు తీసుకున్న చిన్న క్లౌడ్ సర్వర్‌లో నడిపితే ఈ బాధ ఉండదు.

ఈ పద్ధతి ఎవరికి వద్దు

ఒకటో రెండో చిన్న మెయిల్‌బాక్సులైతే థండర్‌బర్డ్‌లో రెండు ఖాతాలూ పెట్టుకుని ఫోల్డర్లను ఒకదాని నుంచి మరొకదానిలోకి కాపీ చేసుకుంటే చాలు. కాపీ అనే అన్నాను. మూవ్ చేయకండి, ఎందుకంటే మధ్యలో కనెక్షన్ తెగితే ఏది ఎక్కడ ఉందో తెలియదు. కొత్త సర్వర్‌లో నడిచేది డవ్‌కాట్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ అయి, దాని అడ్మిన్ మీరే అయితే దానితో వచ్చే డీసింక్ మెరుగైనది. అది సర్వర్ ఒక్కో మెయిల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలను (యూఐడీలను) కూడా నిలబెడుతుంది కనుక ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ మళ్లీ మొదటి నుంచి దింపుకోవలసిన పని ఉండదు.

గమ్యం జీమెయిల్ లేదా గూగుల్ వర్క్‌స్పేస్ అయితే లెక్క వేసుకుని దిగండి. ఐమ్యాప్ ద్వారా ఒక ఖాతాలోకి రోజుకు ఎక్కించగలిగేది 500 ఎంబీ, దింపుకోగలిగేది 2,500 ఎంబీ అని గూగుల్ పరిమితి పెట్టింది. 20 జీబీ మెయిల్‌బాక్సుకు ఈ లెక్కన 40 రోజులు. వర్క్‌స్పేస్ అడ్మిన్ కన్సోల్‌లో ఉన్న గూగుల్ సొంత డేటా మైగ్రేషన్ సేవను వాడుకోవడం తెలివైన పని. మైక్రోసాఫ్ట్ 365లోకి వెళ్లేవారికి కూడా ఎక్స్ఛేంజ్ అడ్మిన్ సెంటర్‌లో ఐమ్యాప్ మైగ్రేషన్ ఉంది.

ఇంకొక మాట. ఐమ్యాప్‌సింక్ కాంటాక్టులను, క్యాలెండర్‌ను, ఫిల్టర్లను, ఆటో రిప్లైలను, ఫార్వర్డింగ్ నియమాలను, సంతకాలను కాపీ చేయదు. మెయిళ్లను మాత్రమే చేస్తుంది. పీఓపీ అనే పాత పద్ధతితో మెయిల్ దింపుకుని సర్వర్ నుంచి తుడిచేసే పాత కంప్యూటర్ ఏదైనా ఆఫీసులో ఉంటే, ఆ మెయిళ్లు సర్వర్‌లో లేనే లేవు. వాటిని ముందుగా ఔట్‌లుక్ నుంచో థండర్‌బర్డ్ నుంచో ఐమ్యాప్ ఖాతాలోకి ఎక్కించాలి. అకౌంట్స్ విభాగంలో ఎక్కడో ఒక మూల ఇలాంటి కంప్యూటర్ తప్పకుండా ఉంటుంది. వెతకండి.

1. పాస్‌వర్డ్‌లను ఫైళ్లలో పెట్టండి

పాస్‌వర్డ్‌ను నేరుగా ఆదేశంలో రాయడానికి పాస్‌వర్డ్1, పాస్‌వర్డ్2 అనే ఆప్షన్లు ఉన్నా, వాటిని వాడకపోవడమే మంచిది. ఆ యంత్రంలోకి లాగిన్ అయిన మరెవరైనా నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో దాన్ని చూడగలరు, షెల్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) చరిత్రలో కూడా అది మిగిలిపోతుంది. ఒక్కో పాస్‌వర్డ్‌ను ఒక్కో ఫైలు మొదటి వరుసలో రాసి, ఆ ఫైలును మీరు తప్ప ఇతరులు చదవలేని విధంగా అనుమతి 600 పెట్టి, పాస్‌ఫైల్1, పాస్‌ఫైల్2 ఆప్షన్లకు ఆ ఫైళ్ల పేర్లు ఇవ్వండి. దీనివల్ల ఇంకొక లాభం ఉంది: పాస్‌వర్డ్‌లో డాలరు గుర్తో, ఆశ్చర్యార్థకమో ఉంటే షెల్ దాన్ని వేరే అర్థంలో తీసుకునే ప్రమాదం తప్పుతుంది.

2. ముందు లాగిన్ ఒక్కటే పరీక్షించండి

హోస్ట్1, యూజర్1, పాస్‌ఫైల్1, హోస్ట్2, యూజర్2, పాస్‌ఫైల్2 ఈ ఆరింటినీ ఇచ్చి, చివర జస్ట్‌లాగిన్ ఆప్షన్ చేర్చి నడపండి. ఇది లాగిన్ అయి బయటికి వస్తుంది, ఇంకేమీ చేయదు. విఫలమైతే, ప్రోగ్రాం ఆగేటప్పుడు ఇచ్చే ముగింపు సంఖ్య చూడండి: 161 అయితే పాత సర్వర్ లాగిన్, 162 అయితే కొత్త సర్వర్ లాగిన్ తప్పింది. యూజర్ పేరు దగ్గర ఎక్కువమంది తడబడతారు. కొన్ని సర్వర్లు పూర్తి మెయిల్ చిరునామాను అడుగుతాయి, కొన్ని ముందు భాగాన్ని మాత్రమే. జీమెయిల్ యాప్ పాస్‌వర్డ్‌ను తెరమీద నాలుగు నాలుగు అక్షరాలుగా విడగొట్టి చూపిస్తుంది. ఆ ఖాళీలను తీసివేసి రాసుకోండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కుదరకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో ఆ ఖాతాకు ఐమ్యాప్ అనుమతి ఉందో లేదో చూడండి. వరుసగా తప్పు పాస్‌వర్డ్ ఇస్తే కొన్ని సర్వర్లు మీ ఐపీని కొన్ని గంటలపాటు అడ్డుకుంటాయి కాబట్టి, రెండుసార్లు తప్పితే ఆగి వెబ్‌మెయిల్‌లో అదే పాస్‌వర్డ్‌తో ప్రయత్నించండి.

3. ఎంత సరుకు ఉందో తూకం వేయండి

జస్ట్‌ఫోల్డర్‌సైజెస్ ఆప్షన్‌తో నడిపితే రెండు వైపులా ఉన్న ఫోల్డర్ల పేర్లు, ఒక్కో దానిలో మెయిళ్ల సంఖ్య, పరిమాణం, వాటిలో అతి పెద్ద మెయిల్ ఎంత అన్నవి వరుసగా చూపిస్తుంది. ఈ జాబితాను దాచుకోండి; చివర సరిచూసుకోవడానికి ఇదే ఆధారం. అతి పెద్ద మెయిల్ పరిమాణాన్ని కొత్త సర్వర్ పరిమితితో పోల్చండి. జోడించిన ఫైలు మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి, 20 ఎంబీ స్కాన్ కాపీ పంపిన మెయిల్ సర్వర్‌లో 27 ఎంబీ దాకా ఉంటుంది. పరిమితి 25 ఎంబీ అయితే ఆ మెయిల్ వెళ్లదు. కొత్త సర్వర్ అడ్మిన్‌ను పరిమితి పెంచమని అడగండి, లేదా అలాంటి కొద్ది మెయిళ్లను విడిగా భద్రపరచండి.

4. ఫోల్డర్ల పేర్లను జత చేయండి

మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన అవసరమయ్యే మెట్టు ఇది. పంపిన మెయిళ్ల ఫోల్డర్‌ను ఒక సర్వర్ ‘సెంట్’ అంటుంది, ఇంకొకటి ‘సెంట్ ఐటమ్స్’ అంటుంది, మరొకటి ‘సెంట్ మెసేజెస్’ అంటుంది. జత కలపకుండా కాపీ చేస్తే కొత్త చోట రెండు సెంట్ ఫోల్డర్లు తయారై, పాత మెయిళ్లు ఒకదానిలో, కొత్తవి మరొకదానిలో పడి, “నేను పంపిన మెయిళ్లు పోయాయి” అనే ఫోను మరునాడు ఉదయాన్నే వస్తుంది.

ఆటోమ్యాప్ ఆప్షన్ ఈ పనిలో చాలా భాగం చేస్తుంది. సర్వర్లు తమ ప్రత్యేక ఫోల్డర్లకు తగిలించే గుర్తులను, బాగా వాడుకలో ఉన్న పేర్లను చూసి సెంట్, డ్రాఫ్ట్స్, జంక్, ట్రాష్ వంటివాటిని జతపరుస్తుంది. అది ఊహించలేని జతలను మీరే ఎఫ్1ఎఫ్2 ఆప్షన్‌తో చెప్పాలి. పాత ఫోల్డర్ పేరు, సమాన గుర్తు, కొత్త ఫోల్డర్ పేరు, అంతే. ఆటోమ్యాప్ చెప్పినదానికీ మీరు చెప్పినదానికీ తేడా వస్తే మీ మాటే చెల్లుతుంది. ఫోల్డర్ లోపలి ఫోల్డర్‌ను కొన్ని సర్వర్లు చుక్కతో, కొన్ని ఏటవాలు గీతతో వేరుచేస్తాయి, కొన్ని సర్వర్లలో ప్రతి పేరు ముందూ ‘ఇన్‌బాక్స్’ అని ఉంటుంది. ఈ తేడాలను ఐమ్యాప్‌సింక్ తానే సవరించుకుంటుంది కనుక వాటి కోసం మీరు ఏమీ రాయనక్కరలేదు.

తెలుగులో ఫోల్డర్ల పేర్లు పెట్టుకున్నవారు కంగారుపడే చోటు ఒకటి ఉంది. ‘బిల్లులు’, ‘కోర్టు కేసులు’ వంటి పేర్లు ఐమ్యాప్‌సింక్ రాసే లాగ్‌లో & గుర్తుతో మొదలై హైఫన్‌తో ముగిసే అర్థంకాని అక్షరాల వరుసలుగా కనిపిస్తాయి. అవి చెడిపోలేదు. ఇంగ్లీషేతర పేర్లను ఐమ్యాప్ లోపల రాసుకునే పాత పద్ధతి అది. వెబ్‌మెయిల్‌లో చూస్తే తెలుగు పేరే కనిపిస్తుంది. అలాంటి ఫోల్డర్‌ను ఆదేశంలో పేర్కొనవలసి వస్తే లాగ్‌లో ఉన్న ఆ వరుసనే యథాతథంగా, ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇవ్వండి. కొటేషన్ లేకపోతే షెల్ & గుర్తు దగ్గరే ఆదేశాన్ని రెండుగా విరిచేస్తుంది.

జీమెయిల్ నుంచి బయటికి వచ్చేవారు ‘ఆల్ మెయిల్’ ఫోల్డర్ గురించి నిర్ణయించుకోవాలి. జీమెయిల్‌లో ఫోల్డర్లు లేవు, లేబుళ్లు ఉన్నాయి; మూడు లేబుళ్లు ఉన్న ఒకే మెయిల్ ఐమ్యాప్‌లో మూడు ఫోల్డర్లలోనూ, ‘ఆల్ మెయిల్’లోనూ కనిపిస్తుంది. అన్నీ కాపీ చేస్తే కొత్త సర్వర్‌లో జాగా రెండింతలో మూడింతలో అవుతుంది. ‘ఆల్ మెయిల్’ను ఎక్స్‌క్లూడ్ ఆప్షన్‌తో వదిలేయవచ్చు, కానీ ఆర్కైవ్ నొక్కి లేబుల్ లేకుండా వదిలిన మెయిళ్లు అందులో మాత్రమే ఉంటాయి. అందుకని స్కిప్‌క్రాస్‌డూప్లికేట్స్ ఆప్షన్‌తో పాటు, ‘ఆల్ మెయిల్’ను అందరికంటే చివర తీసుకొమ్మని ఫోల్డర్‌లాస్ట్ ఆప్షన్ ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. అప్పుడు మిగతా ఫోల్డర్లలో ఇదివరకే వెళ్లినవి పోను, ఎక్కడా లేనివి మాత్రమే అందులోకి చేరతాయి.

5. ఉత్తుత్తిగా ఒకసారి నడపండి

డ్రై ఆప్షన్ చేరిస్తే ఐమ్యాప్‌సింక్ ఏమి చేయబోతుందో చెబుతుంది తప్ప ఏదీ చేయదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త సర్వర్‌లో ఇంకా లేని ఫోల్డర్‌లోకి మెయిళ్లు వెళ్లడాన్ని అది నటించి చూపలేదు. కనుక ముందు డ్రై లేకుండా, జస్ట్‌ఫోల్డర్స్ ఆప్షన్‌తో ఖాళీ ఫోల్డర్లను మాత్రం సృష్టించండి. వెబ్‌మెయిల్ తెరిచి కొత్త సర్వర్‌లో ఫోల్డర్ల చెట్టు మీరు అనుకున్న ఆకారంలోనే ఉందో లేదో కళ్లతో చూడండి. జత తప్పి ఉంటే ఆ ఖాళీ ఫోల్డర్లను తొలగించి, 4వ మెట్టుకు వెళ్లి సరిచేసి రండి; మెయిళ్లు నిండిన తరువాత ఇదే పని చేయాలంటే ప్రాణం విసుగుతుంది. అంతా కుదిరాక డ్రైతో పూర్తి ఆదేశం నడపండి.

6. మొదటి కాపీ

డ్రై తీసివేసి అదే ఆదేశాన్ని రాత్రివేళ మొదలుపెట్టండి. మీ కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉండేందుకు లినక్స్‌లో స్క్రీన్ లేదా టీమక్స్ అనే ప్రోగ్రాం లోపల నడపండి. ఒక మెయిల్‌బాక్సుతో, అదీ మీ సొంత దానితో ప్రారంభించి, ఫలితం చూసుకున్నాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

పది పదిహేను మెయిల్‌బాక్సులు ఉంటే ఒక్కో వరుసలో పాత హోస్ట్, పాత యూజర్, పాత పాస్‌వర్డ్, కొత్త హోస్ట్, కొత్త యూజర్, కొత్త పాస్‌వర్డ్‌లను సెమీకోలన్‌తో వేరుచేసి ఒక ఫైలులో రాసుకుని, స్క్రిప్టు వరుసగా చదివేలా చేయవచ్చు. ఇలాంటి నమూనా స్క్రిప్టులు యూనిక్స్‌కు ఒకటి, విండోస్‌కు ఒకటి ఐమ్యాప్‌సింక్‌తోనే వస్తాయి. ఈ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి, 1వ మెట్టులో చెప్పిన అనుమతి దీనికి ఇంకా ముఖ్యం. ఫైలును ఎక్సెల్‌లోనో విండోస్ నోట్‌ప్యాడ్‌లోనో తయారుచేసి లినక్స్‌లో వాడితే, ప్రతి వరుస చివరా కంటికి కనిపించని అక్షరం ఒకటి మిగిలి, చివరనున్న పాస్‌వర్డ్ తప్పు అవుతుంది. అన్ని ఖాతాలకూ ఒకేలా 162 వస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే. చివరి వరుస తరువాత ఎంటర్ నొక్కకపోతే ఆ ఆఖరి మెయిల్‌బాక్సును లూప్ చదవకుండా వదిలేసే అవకాశం కూడా ఉంది. జాబితాలో చివరి పేరు సాధారణంగా యజమానిదే అయి ఉంటుందని నా అనుభవం.

సర్వర్లు కనెక్షన్లను పదేపదే తెంచేస్తుంటే మీరు వాటిని మరీ వేగంగా తోముతున్నారని అర్థం. మ్యాక్స్‌బైట్స్‌పర్‌సెకండ్ ఆప్షన్‌తో వేగం తగ్గించండి, ఒకేసారి రెండు మూడు ఖాతాలకు మించి నడపకండి.

7. డొమైన్‌ను తిప్పండి

మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డు ఎంఎక్స్. దాన్ని మార్చడానికి రెండు రోజుల ముందే దాని టీటీఎల్‌ను (ఇతర సర్వర్లు ఆ రికార్డును గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించండి. అది ముందు 86,400 అని ఉంటే, మార్పు జరిగాక కూడా ఒక రోజంతా కొన్ని మెయిళ్లు పాత సర్వర్‌కే వెళతాయి. తిప్పే రోజున ఎంఎక్స్‌తో పాటు, మీ పేరిట వచ్చే మెయిల్ నిజంగా మీదేనని అవతలివారికి తెలిపే ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులను కూడా కొత్త సర్వర్‌కు తగినట్లు మార్చండి. ఇవి మరిచిపోతే మీకు వచ్చే మెయిల్ బాగానే వస్తుంది గానీ, మీరు పంపేది అవతలివారి స్పామ్‌లోకి పోతుంది.

వెబ్‌సైటు పాత హోస్టింగ్‌లోనే ఉండి మెయిల్ ఒక్కటే మారుతుంటే ఇంకొక పని మిగిలి ఉంటుంది. పాత సర్వర్ ఇంకా ఆ డొమైన్ మెయిల్ తనదే అనుకుంటుంది. వెబ్‌సైటులోని సంప్రదింపు ఫారం నుంచి వచ్చే మెయిళ్లు, అదే సర్వర్‌లోని ఇతర డొమైన్ల నుంచి వచ్చేవి ఎంఎక్స్‌ను అడగకుండానే పాత మెయిల్‌బాక్సులో పడిపోతాయి. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్ అయితే ఈమెయిల్ రౌటింగ్ అనే చోట ‘రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్’ ఎంచుకోవాలి.

8. రెండో కాపీ, మూడో కాపీ

ఎంఎక్స్ మారిన గంటకు ఒకసారి, 48 గంటలకు మరొకసారి అదే ఆదేశం నడపండి. ఆదేశం అదే గానీ ఈసారి ఒక ఆప్షన్ చేర్చాలి. అప్పటికే మనుషులు కొత్త సర్వర్‌లో మెయిళ్లు చదవడం మొదలుపెట్టి ఉంటారు. ఐమ్యాప్‌సింక్ మామూలుగా ఇదివరకు కాపీ అయిన మెయిళ్ల గుర్తులను కూడా పాత సర్వర్‌తో సమానం చేస్తుంది కాబట్టి, కొత్త చోట చదివేసినవి మళ్లీ చదవనివిగా మారిపోతాయి. నోరీసింక్‌ఫ్లాగ్స్ ఆప్షన్ ఇస్తే ఆ గుర్తులను ముట్టుకోదు.

అయినా ఒక ఇబ్బందికి మందు లేదు: కొత్త సర్వర్‌లో ఎవరైనా తొలగించిన మెయిల్ పాత సర్వర్‌లో ఉంటే మళ్లీ వచ్చి కూర్చుంటుంది, వేరే ఫోల్డర్‌కు జరిపినది పాత ఫోల్డర్‌లో రెండో కాపీగా చేరుతుంది. అందుకే ఆ రెండు రోజులూ పాత మెయిళ్లను సర్దవద్దని అందరికీ ముందే చెప్పి ఉంచండి.

డిలీట్2 గురించి విడిగా

ఈ ఒక్క ఆప్షన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డిలీట్2 అంటే, పాత సర్వర్‌లో లేనిది కొత్త సర్వర్‌లో ఉంటే దాన్ని తుడిచేయడం. ఎంఎక్స్ మారక ముందు, కొత్త సర్వర్ ఇంకా ఎవరూ వాడని నకలుగా ఉన్నప్పుడు మాత్రమే దానికి అర్థం ఉంది. ఎంఎక్స్ మారాక కొత్త మెయిళ్లన్నీ కొత్త సర్వర్‌లోనే ఉంటాయి, పాత దానిలో ఉండవు. అప్పుడు డిలీట్2తో నడిపితే ఆ రోజు వచ్చిన మెయిళ్లు మొత్తం పోతాయి. ముందు రోజు రాసిన స్క్రిప్టును మళ్లీ చదవకుండా నడిపి, ఒక ఆఫీసులో మధ్యాహ్నం వరకు వచ్చిన మెయిళ్లను నా చేతులతో నేనే తుడిచేశాను. కొత్త సర్వర్‌లో అంతకు ముందు గంట తీసిన బ్యాకప్ ఉండబట్టి అవి తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి నా స్క్రిప్టులలో ఆ మాట ఉండదు. డిలీట్1 ఆప్షన్ పాత సర్వర్ నుంచి తుడుస్తుంది. మార్పిడిలో దాని అవసరమూ లేదు.

ఇలాగే కొందరు రెండు వైపులా సమానం చేద్దామని ఒకసారి అటు, ఒకసారి ఇటు నడుపుతారు. ఐమ్యాప్‌సింక్ ఒక దిక్కుగా పనిచేసే సాధనం. రెండు దిక్కులా నిరంతరం కావాలంటే డవ్‌కాట్ డీసింక్ లేదా ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ వంటివి చూసుకోండి.

సరిచూసుకోవడం

లాగ్ ఫైలు చివర ఎన్ని మెయిళ్లు కాపీ అయ్యాయి, ఎన్ని వదిలేశారు, ఎన్ని పొరపాట్లు అన్న లెక్క ఉంటుంది. పొరపాట్లు సున్నా అయి, పాత సర్వర్‌లో గుర్తించిన మెయిళ్లన్నీ కొత్త సర్వర్‌లో ఉన్నాయన్న వాక్యం కనిపించాలి. ముగింపు సంఖ్య కూడా 0 కావాలి. 113 వస్తే కొత్త మెయిల్‌బాక్సు కోటా నిండిందని. పొరపాట్లు 50కి చేరితే ఐమ్యాప్‌సింక్ తనంతట తానే ఆగిపోతుంది కనుక, లాగ్ చివర చూడకుండా “ఆగింది కాబట్టి అయిపోయింది” అనుకోకండి.

తరువాత 3వ మెట్టులో దాచుకున్న జాబితాతో సంఖ్యలు పోల్చండి. కొద్ది తేడాలు సహజం. పాత ఫోల్డర్‌లో ఒకే మెయిల్ రెండుసార్లు ఉంటే ఒక్కటే వెళుతుంది, అందువల్ల కొత్త చోట సంఖ్య తగ్గవచ్చు. మొత్తం పరిమాణంలో స్వల్ప తేడాకు కూడా బెంగపడనక్కరలేదు. డ్రాఫ్టులకు, కొన్ని పాత యాప్‌లు దాచిన సెంట్ మెయిళ్లకు అసలు మెసేజ్ ఐడీ, రిసీవ్డ్ హెడర్లు రెండూ ఉండవు; అలాంటివి గుర్తింపు లేక వదిలివేయబడతాయి. లాగ్‌లో హెడర్ లేని మెయిళ్లు ఉన్నాయని కనిపిస్తే యాడ్‌హెడర్ ఆప్షన్‌తో ఆ ఫోల్డర్‌ను మాత్రం ఫోల్డర్ ఆప్షన్‌తో ఎంచుకుని మళ్లీ నడపండి. కానీ ఒక ఫోల్డర్‌లో వందల మెయిళ్లు తగ్గితే అది సహజం కాదు. లాగ్‌లో ఆ ఫోల్డర్ పేరు వెతికి కారణం చదవండి.

సంఖ్యలు సరిపోయాక కూడా ప్రతి మెయిల్‌బాక్సులో ఐదు మెయిళ్లు తెరిచి చూడమంటాను: అన్నిటికంటే పాతది ఒకటి, అన్నిటికంటే పెద్దది ఒకటి, సెంట్ నుంచి ఒకటి, లోపలి ఫోల్డర్ నుంచి ఒకటి, తెలుగులో సబ్జెక్టు ఉన్నది ఒకటి. జోడించిన ఫైలు తెరుచుకోవాలి, తేదీ అసలు వచ్చిన రోజుదే చూపించాలి. అన్ని మెయిళ్లకూ ఈ రోజు తేదీయే కనిపిస్తుంటే సర్వర్ వచ్చిన తేదీని నిలుపుకోలేదని అర్థం. ఐమ్యాప్‌సింక్ మామూలుగా దాన్ని నిలుపుతుంది కనుక, ముందుగా ఆ యాప్ ఏ తేదీని బట్టి వరుస పెడుతోందో చూడండి. ఫోన్లలో కొత్త ఖాతా పెట్టిన మొదటి రోజు పాత మెయిళ్లు మెల్లగా దిగుతాయి. “నా మెయిళ్లు లేవు” అని ఎవరైనా అంటే, వాదించే ముందు వెబ్‌మెయిల్‌లో చూపించండి.

పాత హోస్టింగ్‌ను కనీసం 30 రోజులు ఉంచండి. దాన్ని రద్దు చేసే ముందు మీ డొమైన్ డీఎన్ఎస్ రికార్డులు ఎక్కడ ఉన్నాయో చూసుకోండి. అవి ఆ హోస్టింగ్‌లోనే ఉంటే ఖాతా మూసిన రోజున ఎంఎక్స్ కూడా మాయమవుతుంది. ఉద్యోగం మానేసినవారి మెయిల్‌బాక్సులు ఉంటే, వాటికి కొత్త ఖాతాలు కొనకుండా సబ్‌ఫోల్డర్2 ఆప్షన్‌తో ఒకే ఆర్కైవ్ ఖాతాలో ఒక్కొక్కరి పేరిట ఒక్కో ఫోల్డర్ కింద చేర్చుకోవచ్చు. చివరగా, పాస్‌వర్డ్‌లు రాసుకున్న ఫైళ్లను చెరిపివేసి, ఈ పని కోసం తయారుచేసిన యాప్ పాస్‌వర్డ్‌లను రద్దు చేసి, అందరి చేతా కొత్త సర్వర్ పాస్‌వర్డ్‌లు మార్పించండి.